సంగ్‌బుక్‌దోంగ్ ఇంటి లోపాలు

సియోల్, సంగ్‌బుక్‌దోంగ్
1992 ఏప్రిల్ 6

చెల్లి ఇన్-రేకి,

మొన్న ఫోనులో మొదలుపెట్టిన విషయం ఉత్తరంలో పూర్తి చేస్తున్నాను. ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం. బిల్లు వస్తుంది గాని విషయం తేలదు.

నాన్న కట్టిన ఇల్లు అమ్మకానికి పెట్టాను. ఇల్లు మనిద్దరి పేరునా ఉంది కాబట్టి, అమ్మకం కాగితాల మీద వేసే ముద్ర నీదేనని ఆఫీసు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మీ వదిన మోకాళ్ళు ఇక మేడమెట్లు ఎక్కలేవు. బుందాంగ్‌లో కొత్త అపార్ట్‌మెంటు లాటరీలో వచ్చిందని చెప్పాను కదా, ఆవిడ ఫిబ్రవరిలోనే అక్కడికి మారిపోయింది. నేను ఇల్లు చూపించడానికి ఇక్కడ ఉండిపోయాను. ముప్పై ఏళ్ళ కాపురంలో విడివిడిగా ఉండటం ఇదే మొదటిసారి. ఇద్దరికీ బాగానే ఉంది.

బ్రోకరు గూ గారు ప్రకటన రాసుకొచ్చాడు. "చెట్ల నీడన, ప్రశాంతమైన వీధిలో, విశాలమైన ఇండిపెండెంట్ ఇల్లు. ఏడు గదులు. రోజంతా ఎండ." పాఠ్యపుస్తకాల అచ్చాఫీసులో ముప్పై ఒక్కేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. ఏడో గది గది కాదు, మెట్ల కింద బొగ్గు కొట్టు. ఎండ ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర దాకానే, ఆ తర్వాత కొండ అడ్డం వస్తుంది. వీధి ప్రశాంతంగానే ఉంటుంది గాని ఎదురింటి కుక్క గురించి ఒక మాట ఉండాలి. అన్నీ దిద్ది ఇచ్చాను. గూ గారు కాగితం చూసి చాలాసేపు టోపీ సర్దుకున్నాడు.

నీ జనవరి ఉత్తరంలో నాలుగు అక్షరదోషాలున్నాయి. క్రియ చివర రాసే అక్షరాన్ని ప్రభుత్వం మార్చి మూడేళ్ళయింది. సరిచేసిన కాగితం జత చేశాను.

అన్నయ్య
మున్-హో

*

చెజు, సొగ్విపో
ఏప్రిల్ 19

అన్నయ్యా,

ముద్రపత్రం పంపుతున్నాను. మూడు నెలలే చెల్లుతుందట. పంచాయతీ ఆఫీసులో గుమాస్తా నా పాత విద్యార్థి. లెక్కల్లో సున్నా వచ్చేది. ఇప్పుడు నన్ను రెండు గంటలు నిలబెట్టాడు.

నువ్వు ఇల్లు అమ్ముతున్నావా, ఇంటికి మార్కులు వేస్తున్నావా? కుక్క సంగతి ప్రకటనలో ఎవరైనా రాస్తారా? కొన్నాక వాళ్ళకే తెలుస్తుంది, అప్పటికి అది వాళ్ళ కుక్క.

ఇక్కడ కమలాతోట పూతకు వచ్చింది. మా ఆయన పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళారు, ఆ ఖాళీలో రాస్తున్నాను. ఇంటి సంగతి త్వరగా తెమిలితే అందరికీ మంచిది. వదినను అడిగినట్టు చెప్పు.

చెల్లెలు
ఇన్-రే

తా.క. నేను అదే పాత అక్షరం రాస్తాను. నాకు నేర్పింది నువ్వే.

*

సియోల్
మే 6

ఇన్-రే,

బావగారు ఆసుపత్రికి తిరుగుతున్నారని, ఇల్లు త్వరగా తెమలాలని రాశావు. విషయం ఏమిటో రాయలేదు. అడగడం బాగుండదు కాబట్టి అడగడం లేదు. ఒంటికి బలమిచ్చే ఆరేళ్ళ జిన్‌సెంగ్ మొక్క వేళ్ళు రెండు పెట్టెలు వేరే పార్శిల్లో పంపాను. పొద్దున్నే పరగడుపున తినాలి.

ఆ తొందర అర్థమయ్యాక నేను కూడా చురుగ్గానే ఉన్నాను. ఈ రెండు వారాల్లో ముగ్గురు చూశారు.

మొదట పళ్ళ డాక్టరు, ఆయన భార్య. ఆవిడకు మేడమీది వరండా బాగా నచ్చింది, అక్కడ కూర్చుని టీ తాగుతానంది. వరండా ఎడమ పక్క చెక్క పుచ్చింది, కుడి పక్క కూర్చోండి అని చెప్పాను. ఇద్దరూ నిలబడే టీ తాగి వెళ్ళారు.

రెండోవాడు చరిత్ర ప్రొఫెసరు. పుస్తకాలకు గది కావాలన్నాడు. ఉత్తరపు గదిలో తేమ వల్ల నా నిఘంటువులు రెండుసార్లు బూజు పట్టాయని చూపించాను. ఆయన ఎంతో సానుభూతి చూపి, తన పుస్తకాలను వేరేచోటికి తీసుకుపోయాడు.

మూడోది ఒక వ్యాపారి తల్లి. దిక్సూచి తెచ్చుకుని గదిగదికీ తిరిగింది. గుమ్మం సరిగ్గా దక్షిణానికి ఉందా అని నన్నడిగింది. నాన్న దక్షిణమనే కట్టించాడు, మేస్త్రీ తాగి ఉండటం వల్ల కొంచెం పడమరకు తిరిగింది అన్నాను. ఆవిడ అక్కడే చెప్పులు వేసుకుంది.

గూ గారు ఇప్పుడు మా వీధిలో నన్ను చూస్తే అవతలి పక్కకు దాటుతున్నాడు.

మున్-హో

*

సొగ్విపో
మే 18

అన్నయ్యా,

మా ఆయన రాయిలా ఉన్నారు. వాళ్ళ అక్క కోడలు పురుడు పోసుకుంటే చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళారు. నీ జిన్‌సెంగ్ నువ్వు చెప్పినట్టే పరగడుపున వారం రోజులు తిన్నారు. ఎనిమిదో రోజు ముక్కులోంచి రక్తం కారింది. అప్పుడు నిజంగానే ఆసుపత్రికి వెళ్ళాం. ఒంట్లో వేడి ఎక్కువైందట. బావగారి ప్రేమ గొప్పది అని మాత్రం అన్నారు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన నీ గురించి అన్న మొదటి వాక్యం అదే.

ఇల్లు త్వరగా తెమలాలన్నది నా కోసం కాదు, నీ కోసం. భార్య ఒక ఊళ్ళో, మొగుడు ఒక ఊళ్ళో, ఏడు గదుల ఇంట్లో ఒంటరిగా చారు పెట్టుకుని తాగుతున్నావు. బొగ్గు కొట్టు తీసేస్తే ఆరు.

ఒక పని చెయ్. ఈసారి ఎవరైనా వస్తే తలుపు తియ్. బార్లీ టీ పెట్టు. నోరు తెరవకు. అబద్ధం చెప్పమనడం లేదు. ఊరుకోమంటున్నాను. లోకంలో చాలామంది అలాగే ఇళ్ళు అమ్ముకుంటున్నారు.

ఇన్-రే

*

సియోల్
జులై 6

ఇన్-రే,

జూన్ ఉత్తరంలో మాటిచ్చినట్టే, నువ్వు చెప్పినట్టు చేశాను. ఫలితం రాస్తున్నాను.

ఒక హైస్కూలు హెడ్మాస్టరు కుటుంబంతో వచ్చాడు. తలుపు తీశాను. బార్లీ టీ పెట్టాను. నోరు తెరవలేదు. ఎన్నాళ్ళుగా ఉంటున్నారని అడిగాడు, వేళ్ళు చూపించాను. పిల్లలు చాప మీద ముడుచుకుని కూర్చున్నారు. కాసేపటికి ఆయన భార్య మెల్లగా నా పక్కకు వచ్చి, "ఈ ఇంట్లో ఎవరు పోయారండీ?" అని అడిగింది.

అది సూటి ప్రశ్న. సూటి ప్రశ్నకు జవాబు ఇవ్వకపోతే ఊరుకోవడం కాదు, అబద్ధమే. మా అమ్మ 1958 చలికాలంలో, మా నాన్న 1971లో అని చెప్పాను. ఏ గదిలో అంది. చూపించాను. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. మేడమీద ఆగ్నేయపు గదిలో నేను పెట్టిన ఇత్తడి బేసినులో చుక్కలు పడటం మొదలైంది. చప్పుడు ఏమిటని పిల్లాడు అడిగాడు. వాళ్ళ నాన్న వాడి చెయ్యి పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆయన నాకు మూడుసార్లు వంగి నమస్కారం చేశాడు. చావింటికి వచ్చినవాళ్ళు అలా చేస్తారు.

ఇంకో సంగతి. ఒక బిల్డరు వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాడు. లోపాలు చెబుతాను రమ్మంటే, "తాతయ్యా, ఇల్లు నాకక్కర్లేదు, నేల చాలు," అన్నాడు. నేనింకా తాతను కాలేదని చెప్పాను. ఇల్లు పడగొట్టి, తొమ్మిది వాటాల మేడ కడతాడట. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచిస్తున్నాను.

నీ ముద్రపత్రానికి గడువు తీరుతోంది. కొత్తది కావాలి.

మున్-హో

*

సొగ్విపో
జులై 20

కొత్త ముద్రపత్రం ఇందులో ఉంది.

ఆ బిల్డరుకే ఇచ్చెయ్. నువ్వు లోపాలు చెప్పబోతే వినని మనిషి ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు. ఇంచోన్ వాళ్ళు విన్నారు.

ఇన్-రే

*

సియోల్
సెప్టెంబరు 3

ఇన్-రే,

నీ ఉత్తరం జులై ఇరవై ఆరున అందింది. జవాబు నాలుగుసార్లు రాశాను. నాలుగింటిలోనూ అక్షరదోషాలు లేవు గాని నిజమూ లేదు. చించేశాను. ఇది అయిదోది.

ఇంచోన్ సంగతి మనం ముప్పై మూడేళ్ళుగా ఎత్తలేదు. నువ్వు ఎత్తావు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. నీకు తెలిసింది కూడా చెబుతాను, ఏమీ వదిలిపెట్టకుండా.

1959 అక్టోబరులో ఇంచోన్ నుంచి నో అనే ఇంటిపేరు వాళ్ళు నిన్ను పెళ్ళిచూపులు చూడటానికి వచ్చారు. అబ్బాయికి బ్యాంకులో పని. నీకు ఇరవై మూడు. వాళ్ళకు నువ్వు నచ్చావు. మర్నాడు సంబంధం తెచ్చిన పెద్దావిడ నాన్న మందుల దుకాణానికి వచ్చింది. నాన్న లేడు, నేనున్నాను. అమ్మాయి ఆరోగ్యం ఎలాంటిదని మాటవరసకు అడిగింది. రెండేళ్ళ కింద ఊపిరితిత్తుల జబ్బుతో మసాన్‌లో సముద్రం పక్కన ఆసుపత్రిలో పదకొండు నెలలు ఉండి వచ్చింది, ఇప్పుడు నయమైంది అని చెప్పాను. నయమైందన్న మాట ఆవిడ వినలేదు. సంబంధం తప్పింది. మార్చిలో నువ్వు చెజులో టీచరు ఉద్యోగానికి వెళ్ళిపోయావు. రేవులో పడవ ఎక్కేటప్పుడు నువ్వు నాతో మాట్లాడలేదు.

నాన్న నన్ను తిట్టలేదు. వాడు అబద్ధం చెప్పలేడు, ఏం చేస్తాం అన్నాడు. ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. నువ్వూ అదే నమ్మావు.

నేను ఆ నిజం చెప్పింది అబద్ధం చెప్పలేక కాదు. ఆ రోజు పొద్దున్నే దుకాణంలో కూర్చుని, ఆవిడ వస్తే ఎలా చెప్పాలా అని రెండు రకాలుగా మాటలు పేర్చుకున్నాను. అమ్మ పోయి ఏడాది కాలేదు. అన్నం దగ్గర నాన్న మాట్లాడడు, నేను మాట్లాడను. మాట్లాడేది నువ్వొక్కదానివే. నువ్వు వెళ్ళిపోతే ఆ బల్ల దగ్గర ఇద్దరం ఎలా కూర్చుంటామో నాకు అర్థం కాలేదు. పెళ్ళి ఆగితే నువ్వు ఉంటావనుకున్నాను. ఇంచోన్ రైల్లో గంట దూరం. చెజుకు రైలూ పడవా కలిపి రెండు రోజులు. నా లెక్క అలా తప్పింది.

ఆ తర్వాత నేను అందరికీ అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. అచ్చాఫీసులో మేనేజరుకు, పెళ్ళిచూపుల్లో మీ వదినకు, ఇల్లు చూడవచ్చిన పళ్ళ డాక్టరుకు. నీ ఒక్క విషయమే చెప్పి మిగతావి దాచుకుంటే, ఆ ఒక్కటీ ఎందుకు చెప్పానో ఎవరైనా పట్టుకుంటారు. అన్నీ చెబితే అది నా స్వభావం అవుతుంది. ఇప్పుడు నిజంగానే స్వభావం అయిపోయింది. ఏది మొదట వచ్చిందో నాకే తెలియదు.

బిల్డరుకు ఇవ్వలేను. కారణం చెప్పమంటే చెప్పలేను. ఇల్లు నువ్వే వచ్చి అమ్ము. నా చేతిలో ఇది అమ్ముడుపోదు.

మున్-హో

*

సొగ్విపో
సెప్టెంబరు 21

అన్నయ్యా,

అక్టోబరు 8న విమానంలో వస్తున్నాను. తాళంచెవి, నీ ముద్రపత్రం గూ గారి దగ్గర పెట్టి నువ్వు బుందాంగ్ వెళ్ళు. నేనున్న నాలుగు రోజులూ ఇటు రాకు. ఫోను కూడా చెయ్యకు. మిగతా సంగతి తర్వాత.

ఇన్-రే

*

బుందాంగ్, 11వ అంతస్తు
అక్టోబరు 20

ఇన్-రే,

ఇల్లు అమ్ముడైందని గూ గారు ఫోను చేశాడు. ఎవరికి, ఎలా అని అడిగితే, "మీ చెల్లెలిని అడగండి, నేను బయట నిలబడి ఉన్నాను," అన్నాడు. నువ్వు నన్ను చూడకుండానే విమానం ఎక్కేశావు. మీ వదిన నీకోసం పీతల ఊరగాయ పెట్టి ఉంచింది. మూడు రోజులు చూసి, నాకు పెట్టింది.

ఇక్కడ పదమూడు భవనాలు ఒకే రంగులో, ఒకే ఎత్తులో ఉన్నాయి. నిన్న నడకకు వెళ్ళి వచ్చి, పదకొండో అంతస్తులో తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళి సోఫాలో కూర్చున్నాను. ఒకావిడ బేరిపండు కోసి పెట్టింది. రెండు ముక్కలు తిన్నాక, మీరు ఎవరి తాలూకు అని అడిగింది. ఆవిడ నన్ను మొగుడి తరఫు బంధువు అనుకుంది. నేను ఆవిడను మీ వదిన స్నేహితురాలు అనుకున్నాను. అది పక్క భవనం. మీ వదిన ఈ సంగతి లిఫ్టులో అందరికీ చెబుతోంది. ఆవిడకు ఇక్కడ స్నేహితులు ఎక్కువ.

నా సెప్టెంబరు ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. రాయాలని లేదు. అందిందో లేదో తెలిస్తే చాలు.

మున్-హో

*

సొగ్విపో
నవంబరు 2

అన్నయ్యా,

అందింది.

ముందు ఇంటి సంగతి చెబుతాను. నేను దిగేసరికి వీధంతా గింకో చెట్ల కాయలు రాలి, చెప్పు కింద నలిగి, ముక్కు మూసుకునే వాసన. ఆ వాసన గురించి నువ్వు ప్రకటనలో రాయకపోవడం నీ పొరపాటే. ఆగ్నేయపు గది కప్పు మీది మరకకు తెల్లకాగితం అతికించాను. బేసిను దాచేశాను. పుచ్చిన చెక్క మీద పూలకుండీలు పెట్టాను. ఎదురింటి కుక్కకు ఎండుచేప వేశాను. చెప్పాల్సిన అబద్ధాలన్నీ వరుసగా రాసి బట్టీ పట్టాను.

మూడోరోజు యోమ్ అనే కుటుంబం వచ్చింది. మొగుడూ పెళ్ళాం, నలుగురు ఆడపిల్లలు, అతని తల్లి. వాళ్ళది అపార్ట్‌మెంటు. పిల్లలు నడిస్తే కింది వాళ్ళు కర్రతో కప్పు మీద కొడతారట. ఆ పిల్లలు మన ఇంట్లోకి కూడా మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చారు, నలుగురూ వరుసగా. నాకు అది చూడబుద్ధి కాలేదు. కింద ఎవరూ లేరు, మట్టే ఉంది, మామూలుగా నడవండి అన్నాను. చిన్నది నమ్మకుండా వాళ్ళ నాన్న వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆ తర్వాత అరగంట మాకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. గూ గారు బయటికి వెళ్ళి నిలబడింది అప్పుడే.

ముసలావిడ మాత్రం మేడెక్కి, నేను అతికించిన కాగితం కింద నిలబడి, ఇది ఎన్నాళ్ళుగా కారుతోంది అని అడిగింది. ఈ ఏడే మొదలైందండీ అన్నాను. ఆవిడ గోడ మీద అరచెయ్యి పెట్టి, "ఇరవై ఏళ్ళు ఉంటుంది. మా ఆయన పెంకులు వేసేవాడు," అంది. ఇరవై రెండు అన్నాను. కొడుకుతో కాసేపు మాట్లాడింది. కొన్నారు. బిల్డరు ఇస్తానన్నంత ఇవ్వలేదు. వదిన అపార్ట్‌మెంటుకు ఇంకా కట్టాల్సిన బాకీకి సరిపోతుంది, మిగిలినదాంట్లో నా వాటా గురించి ఎత్తావంటే మళ్ళీ విమానం ఎక్కి వస్తాను.

నిన్ను చూడకుండా వచ్చింది కోపం వల్ల కాదు. ఎదురుగా చెప్పలేక.

ఇంచోన్ అబ్బాయి ఆ నవంబరులో మళ్ళీ వచ్చాడు. మీకెవరికీ తెలియదు. హ్యెహ్వా చౌరస్తాలో బస్సు ఆగేచోట నాకోసం చూస్తూ నిలబడ్డాడు. నా జబ్బు సంగతి తనకు పట్టింపు లేదని, ఇంట్లో వాళ్ళను ఎదిరించి చేసుకుంటానని చెప్పాడు. చేతిలో కాల్చిన చిలగడదుంపల పొట్లం ఉంది. మనిషి మంచివాడే. నేను వద్దన్నాను. నాకు నచ్చలేదు. నాన్నకు నచ్చిన సంబంధాన్ని నచ్చలేదని చెప్పే ధైర్యం అప్పటిదాకా లేకపోయింది. అతనితో చెప్పాను, అంతే. చెజు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది కూడా సెప్టెంబరులో, వాళ్ళు నన్ను చూడటానికి రాకముందే. నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆ పడవ ఎక్కేదాన్నే. రేవులో నీతో మాట్లాడకపోవడానికి కారణం, నోరు తెరిస్తే ఇదంతా బయటికి వచ్చేస్తుందని.

తర్వాత చెబుదామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరాలు మొదలయ్యాయి. ప్రతి నెలా, మొదటివారంలో. స్కూల్లో మిగతా టీచర్లకు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. నువ్వు తప్పు చేశాననుకుని రాస్తున్నావని నాకు తెలుసు. తప్పు లేదని తెలిస్తే రాస్తావో లేదో తెలియదు. అందుకని ఊరుకున్నాను. జులైలో ఆ మాట అనేశాక, ఆగస్టులో నీ ఉత్తరం రాలేదు. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి. రోజూ గేటు దగ్గర ఏం వెతుకుతున్నావని మా ఆయన అడిగారు.

ఇది ఎప్పుడో చెప్పవలసింది. మన ఇంట్లో నిజం చెప్పే మనిషి ఒకడున్నాడు కదా, సరిపోతుందిలే అనుకున్నాను.

ఇన్-రే

*

బుందాంగ్
డిసెంబరు 1

ఇన్-రే,

నీ ఉత్తరం నవంబరు తొమ్మిదిన అందింది. మీ వదినకు కూడా చదివి వినిపించాను. ఆవిడ లేచి వెళ్ళి చిలగడదుంపలు కొనుక్కొచ్చింది.

మొదట నాకు ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. నాలుగు రోజులు బాగా నిద్రపట్టింది. అయిదోరోజు కోపం వచ్చింది, అది వారం ఉంది. ఇప్పుడు అదీ పోయింది. నీకు ఇక ఉత్తరాలు రాయవలసిన అవసరం లేదని ఇవాళ పొద్దున్న తీరిగ్గా కూర్చుని తేల్చుకున్నాను.

తేల్చుకున్నాక ఏం చెయ్యాలో తోచలేదు. బయట చలిగా ఉంది. ఒకటో తేదీ కూడాను. కాగితం తీశాను.

ఇక్కడ అంతా క్షేమం. నిన్న మొదటి మంచు పడింది, నిలవలేదు. లిఫ్టు రెండు రోజులుగా పనిచెయ్యడం లేదు, మీ వదిన పదకొండు అంతస్తులు దిగలేక, కిటికీలోంచి స్నేహితులతో మాట్లాడుతోంది. నిన్న...